వినుటను నేర్పు విద్య

మన పాఠశాల విడిచిపోవు బిడ్డల తలిదండ్రులు ప్రతివత్సరమును వేసవిలో మమ్ము చూడవత్తురు. వారు తెచ్చు ప్రశ్నలు చాలవరకు ఒక్క తీరున నుండును. ఇంజనీరింగులో చేర్పింపవచ్చునా, బి.కాం. చదివి పప్పుమిల్లు లెక్కలు చూచుకొన్న చాలదా, ఆడపిల్లకు నర్సింగు మేలా బి.ఎడ్. మేలా అనునవియే. గత వేసవిలో మాత్రము విరుదునగరమునుండి వచ్చిన యొక తల్లి మేము సిద్ధపడియుండని ప్రశ్న నడిగెను. ఆమె కుమార్తె మన పూర్వవిద్యార్థిని. మదురైలో సైకాలజీ ప్రధానముగా పట్టము ముగించి, బెంగుళూరులోని క్రైస్ట్ విశ్వవిద్యాలయమున కౌన్సెలింగ్ సైకాలజీలో ఎం.ఎస్‌సి. చదువుదునని పట్టుపట్టి కూర్చున్నది.

“పక్కింట్లో ఎవరైనా ఏడిస్తే మనమూ పోయి కూర్చొని మాట్లాడతాము గదా సార్. దానికి రెండేండ్ల చదువెందుకు? అదీ క్రిస్టియన్ల కాలేజీలో?” అని ఆమె యడిగెను.

రెండును న్యాయమైన ప్రశ్నలే. ఆనాడు మేము చెప్పిన సమాధానము మాకే తృప్తి నీయలేదు. అందుచేత గ్రంథములు చూచి, తెలిసినవారి నడిగి, మా యనుభవమునందలి యొక తప్పిదమును గూడ జ్ఞాపకము చేసికొని, ఇచట వ్రాయుచున్నాము.

మొదట మాటను గూర్చి. ‘కౌన్సెలింగ్’ అనగానే మన ప్రాంతపు తండ్రులకు తోచునది ఇంజనీరింగు సీట్ల పంపకము. ర్యాంకు పట్టుకొని కంప్యూటరు ముందు కూర్చుండి కాలేజీ నెన్నుకొనుటకే ఆ పేరు స్థిరపడిపోయినది. ఆంధ్రదేశమునను అంతే. పోలీసు స్టేషనులో ఆలుమగలను కూర్చుండబెట్టి మందలించుటకును జనులు ఈ మాటనే వాడుదురు. మనము చెప్పుచున్న విద్య ఈ రెండును కాదు. తమిళులు దీనిని ‘ఆట్రుప్పడుత్తుదల్’ అందురు. త్రోవ చూపుట యని దాని యర్థము. అందలి మొదటి మాటకు శాంతింపజేయుట యను నర్థమును గలదు. బహుమానము పొందిన కవి మరియొక కవికి దాత యింటి దారి చెప్పు ‘ఆట్రుప్పడై’ అను ప్రాచీన సంఘకావ్య భేదమునకు ఈ మాట చుట్టము. మన తెలుగున ఇంత చక్కని మాట యింకను కుదురలేదని యొప్పుకొనవలెను. సలహా యందుమా, అది వేరు. ఈ విద్యలో మొదట మాన్పించునది సలహాలిచ్చు అలవాటునే.

ఇక మా తప్పిదము. కొన్ని సంవత్సరముల క్రిందట ఏడవ తరగతిలో నొక బాలు డుండెను. కోవిల్‌పట్టికి సమీపమున నున్న పల్లె వాడు. తలిదండ్రు లిరువురును అగ్గిపెట్టెల పనికి పోవువారు. తెలుగు పద్యము నిచ్చినచో మరునాటికి కంఠస్థము చేసికొని వచ్చెడివాడు. పొంగలు సెలవులు గడచి వచ్చిన తరువాత వాడు నోరు విప్పుట మానివేసెను. పలక యెదుట నిలువబెట్టినను వ్రాయడు, అడిగినను పలుకడు. మేము దానిని మొండితనమని తలచితిమి. తరగతి వెలుపల నిలువబెట్టితిమి. తండ్రిని పిలిపించితిమి, ఆయన మా యెదుటనే కొట్టెను. మేము వారింపలేదు.

పిమ్మట పట్టణమునుండి కౌన్సెలింగ్ చదివిన యొకామెను రప్పించితిమి. ఆమె దయగల మనిషి, తన విద్య నెరిగిన మనిషి. మూడు దినములు వానిని ప్రత్యేకముగా కూర్చుండబెట్టి తమిళమున మృదువుగా నడిగెను. వాడు ప్రతి ప్రశ్నకును “ఒన్నుమిల్లై” అని మాత్రమే జవాబు చెప్పెను. ఏమియు లేదని దాని భావము. చదువునందు శ్రద్ధ తక్కువయైన దని ఆమె వ్రాసి యిచ్చి వెడలిపోయెను.

ఆ వారములోనే యొకనాటి మధ్యాహ్నము భోజనము వడ్డించు ముసలామె వాని యాకు చూచి, “ఏమి నాయనా, అన్నం ముట్టకుండా ఉండావే?” అని తెలుగున నడిగినది. వాడు “అవ్వ పెడితేనే తింటా” నని పెద్దపెట్టున నేడ్చెను.

వాని యవ్వ పొంగలునాడు చనిపోయినది. ఇంట వానితో తెలుగు మాటలాడునది ఆమె యొక్కతె. బడిలో మార్కులు రావలెనని తలిదండ్రులు వానితో తమిళమే మాటలాడుచు వచ్చిరి. వాడు మాకు అప్పజెప్పిన పద్యము లన్నియు ఆమె చెప్పించినవే. ఈ సంగతి వారును మాకు చెప్పలేదు, మేమును అడుగలేదు. ముసలామె వానిని అక్కున జేర్చుకొని, “ఏడవకు, మగపిల్లోడివి” అనినది. ఆ మాటతో వాడు కన్నులు తుడుచుకొని మరల మౌనము వహించెను. మరుసటి జూన్ నెలలో వాడు బడి మారెను.

ఆ తల్లి యడిగిన మొదటి ప్రశ్నకు సమాధాన మిందులోనే యున్నదని మాకు తోచుచున్నది. వచ్చినామెకు శిక్షణ గలదు, బాలుని యింటి భాష లేదు. వడ్డించినామెకు భాషయు ప్రేమయు గలవు, తెరచుకొన్న తలుపును తెరచియుంచు నేర్పు లేదు. పొరుగువారు మనసారా వచ్చి కూర్చుందురు; నిజమే. కాని ‘ఏడవకు’ అను మాటలో ఎంత ప్రేమ యున్నదో, చాలింపుమను నాజ్ఞయు నంతే యున్నది. అట్లనకుండ ఊరక కూర్చుండుట మిక్కిలి కష్టమైన పని. దానినే ఆ రెండేండ్లును నేర్పుదురు.

ఈ శాస్త్రము పుట్టిన చోటు మనవంటివారికి పరిచితముగా నుండును. 1908లో అమెరికాలోని బోస్టన్ నగరమున ఫ్రాంక్ పార్సన్స్ అను నాయన, పరదేశములనుండి వలసవచ్చిన కుటుంబములు క్రిక్కిరిసిన పేటలో, యువకులకు వృత్తి నెన్నుకొనుటలో తోడ్పడు కార్యాలయము నొకదానిని తెరచెను. ఇంట నొక భాష, వీధిలో నింకొక భాష మాటలాడు పిల్లలే ఆ పేటలో ఎక్కువ. ఆయన ఆ సంవత్సరమే మరణించెను. గ్రంథము 1909లో వెలువడెను. తరువాతి మహాపురుషుడు కార్ల్ రోజర్స్. ఆయన మొదట వ్యవసాయశాస్త్రము చదువబోయి, 1922లో పెకింగు నగరమున జరిగిన క్రైస్తవ విద్యార్థుల ప్రపంచ మహాసభకు వెళ్లి వచ్చి, న్యూయార్కులో మతగురువుల శిక్షణాలయమున చేరి, రెండేండ్లకు దానిని విడిచి, మనశ్శాస్త్రమునకు వచ్చెను. 1942లో ఆయన కౌన్సెలింగ్‌ను గూర్చి వ్రాసిన గ్రంథము ఈ విద్యకు త్రోవ తీసినది. తనయెదుట కూర్చున్న మనిషి అంతరంగమును వాని కన్నులతో చూచుట, తాను కపటము లేక యుండుట, షరతు పెట్టక ఆదరించుట, ఈ మూడును కుదిరిననే మనిషి మారునని ఆయన సిద్ధాంతము. చూచుటకు సులభముగా కనబడును. మార్కులు తక్కువ తెచ్చిన కొడుకును షరతు లేక ఆదరించి చూడుడు, తెలియును.

రెండవ ప్రశ్న, క్రైస్తవుల విద్యాలయమును గూర్చి. క్రైస్ట్ కళాశాలను బెంగుళూరు హోసూరు రోడ్డు మీద 1969లో సి.ఎం.ఐ. అను కాథలిక్ సన్న్యాసి సంఘమువారు స్థాపించిరి. ఆ సంఘము 1831లో కేరళదేశమున మన్నానములో పుట్టినది. 2008లో ఆ కళాశాలకు విశ్వవిద్యాలయ సమానప్రతిపత్తి లభించినది. అక్కడ కౌన్సెలింగ్ చదువుట యనిన మతబోధ చదువుట కాదు. అది మనశ్శాస్త్రమున ఎం.ఎస్‌సి. పట్టము; అన్ని మతములవారును అందు చదువుదురు. క్రైస్తవ దైవశాస్త్ర విద్యాలయములలో సంఘకాపరులకై ‘పాస్టొరల్ కౌన్సెలింగ్’ అను వేరొక విద్య కలదు. శ్రీరాంపూరు సెనేటు క్రింద దానికి పట్టము నిత్తురు. ఈ రెంటిని కలగాపులగము చేసికొని భయపడువారు మనలో కలరు.

అంతకంటె ముఖ్యమైన దొకటి చెప్పవలెను. మన రాజ్యాంగము 30వ అధికరణమున, మతమునుబట్టి గాని భాషనుబట్టి గాని అల్పసంఖ్యాకులైన వా రెల్లరును తమ కిష్టమైన విద్యాసంస్థలు నెలకొల్పుకొనవచ్చునని యున్నది. ఆ వాక్యమున మతమునకు పక్కనే భాష యున్నది. తమిళనాట తెలుగు బడి నడుపుటకు మన కేది యాధారమో, బెంగుళూరులో క్రైస్తవులు విద్యాలయము నడుపుటకును అదియే యాధారము. వారిని పరాయివారని మన మనినచో, ఆ మాట మనకును తగులును. ఇక 28వ అధికరణము మూడవ ఖండమునుబట్టి, ప్రభుత్వపు గుర్తింపుగాని ధనసహాయముగాని పొందిన యే విద్యాసంస్థయు విద్యార్థిని వాని యనుమతి లేక, వాడు మైనరైనచో సంరక్షకుల యనుమతి లేక, మతబోధకు గాని ఆరాధనకు గాని బలవంతపెట్టరాదు.

మనోవ్యాధుల విషయమున క్రైస్తవ సంస్థలవారు మన దక్షిణదేశమున చేసిన పనిని మనవారు వేలూరులో కన్నులార చూచియే యున్నారు. అచటి సి.ఎం.సి. ఆసుపత్రివారు 1957లో మానసిక చికిత్సాలయమును తెరచి, రోగితోపాటు ఇంటివా రొకరు తప్పక ఉండవలెనను పద్ధతిని పెట్టిరి. పిచ్చాసుపత్రి యనిన రోగిని లోన విడిచి గేటు మూసి వచ్చు రోజులవి. బంధువులు దగ్గరనే యుండి, వండి పెట్టుచు, వ్యాధిని గూర్చి తెలిసికొనుచు నుండు నేర్పాటు మన కుటుంబముల తీరునకు సరిపడినది. గుండెకును మూత్రపిండములకును వేలూరు పోవుట మనకు గౌరవము. మనస్సునకు పోవుట మాత్రము నేటికిని రహస్యమే.

ఇక చదువు. రెండేండ్లు, నాలుగు సెమిస్టరులు. ఇట్టి ఎం.ఎస్‌సి.లో ప్రవేశమునకు సైకాలజీ పట్టము, ప్రవేశపరీక్ష, ముఖాముఖి సాధారణముగా ఉండును. సిద్ధాంతములు, మనస్తత్వ పరీక్షలు, గణాంకశాస్త్రము, పరిశోధన వ్యాసము ఇవన్నియు నున్నవి, అన్ని ఎం.ఎస్‌సి.ల వంటివే, విస్తరింపనక్కరలేదు. విశేషము అభ్యాసమునం దున్నది. ముగ్గురు విద్యార్థులు కూర్చుందురు. ఒకరు తన కష్టము చెప్పవలెను, ఒకరు వినవలెను, ఒకరు విను వానిని కనిపెట్టి చూడవలెను. తరువాత మూడవవారు చెప్పుదురు: ఇచట నీవు తొందరపడితివి, ఇచట ఆమె తండ్రి పేరెత్తగానే నీవు మాట మార్చితివి, ఇచట నీవు కుర్చీలో వెనుకకు జరిగితివి. మొదటి నెలలో ఈ విమర్శ విని కన్నీరు పెట్టుకొనువారు చాలమంది యట.

ఉదాహరణ మొకటి చూతము. పదవ తరగతి బాలుడు “నేనింక చదవను” అనినా డనుకొందము. తండ్రి, “చదవక పటాసుల పనికి పోతావా?” అనును. మాస్టారు, “అట్లనరాదు, నీకు మంచి భవిష్యత్తున్నది” అనును. ఇద్దరును వాని మేలు కోరినవారే. ఇద్దరి మాటలతోను సంభాషణ ముగియును. శిక్షణ పొందినవారు, “చాలా విసిగిపోయినట్లుండావు నాయనా” అని యూరకుందురు. వాడు కొంతసేపటికి, “చదివేది గుర్తుండడం లేదు” అనవచ్చును. ఇంకను కాచుకొన్నచో, “రాత్రి నిద్ర పట్టడం లేదు” అనవచ్చును. అప్పుడు గదా అసలు సంగతి మొదలైనది! ఆ కాచుకొనుటకు గురువుల పర్యవేక్షణలో పాఠశాలలందును, ఆసుపత్రులందును పని చేయించుదురు.

రహస్యపాలనమును ప్రత్యేకముగా బోధింతురు. బిడ్డ చెప్పినది తల్లికిని చెప్పరు. ఇది మన తలిదండ్రులకు మింగుడు పడదు. అయినను దానికి హద్దులు కలవు. ప్రాణహాని కలుగునట్లున్నచో ఇంటివారికి తెలుపవలసినదే. బాలలపై లైంగిక నేరము జరిగినదని తెలిసినచో 2012 నాటి పోక్సో చట్టమునుబట్టి అధికారులకు తెలుపక దాచుట నేరము.

ఇచట భాషను గూర్చి మరల చెప్పవలసియున్నది. బోధన యంతయు నింగ్లీషులో జరుగును. విద్యార్థి ‘డిప్రెషన్’ అను మాటను లక్షణములతో సహా నేర్చుకొని వచ్చును. మన యింటిలో ఆ మాట లేదు. దిగులు కలదు, బెంగ కలదు. దిగులు రేపటిని గూర్చియు కలుగును, కారణము లేకయు కలుగును. బెంగకు మాత్రము ఒక మనిషి కావలెను, లేదా యొక ఊరు కావలెను. బిడ్డ బెంగ పెట్టుకొన్నా డనిన, ఎవరిమీద అని మనము వెంటనే యడుగుదుము. తమిళమున ‘ఏక్కం’ అనునది దీనికి దగ్గర. మా బాలునికి కలిగినది బెంగ. ఆ మాట మా కందరికిని తెలియును. ఆ మూడు నెలలలో ఒక్కరమును దానిని తలపలేదు. హాజరుపట్టీలో ‘మొండి’ అని గుర్తు పెట్టుకొంటిమి. గుండె బరువు, కడుపులో దేవినట్లుండుట, ప్రాణము విసిగిపోవుట, ఇవి మన స్త్రీలు వైద్యునియొద్ద చెప్పు మాటలు. వైద్యుడు గుండెను పరీక్షించి, కడుపును పరీక్షించి, ఏమియు లేదని పంపివేయును. ఇంగ్లీషున నేర్చిన శాస్త్రమును ఈ మాటలయొద్దకు తెచ్చి సరిచూచు పని ఏ విశ్వవిద్యాలయమును చేసిపెట్టదు. ఇంటి తెలుగు మరువని బిడ్డయే చేయవలెను.

జీవనోపాధి మాట. ఈ పట్టము పొందినవారు వైద్యులు కారు, మందులు వ్రాయరాదు. క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకొనుటకు పైచదువును, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదును కావలెను. ఈ భేదము తెలియక రెండేండ్ల తరువాత చింతించువారు కలరు. 2021లో అలైడ్ ఆరోగ్యవృత్తుల జాతీయ కమిషను చట్టము వచ్చి, సైకాలజిస్టులను, కొన్ని విధములైన కౌన్సెలర్లను గూడ తన పట్టికలో చేర్చుకొన్నది. దాని ననుసరించి, 2025 జులై–ఆగస్టు విద్యాసంవత్సరమునుండి సైకాలజీని దూరవిద్యగాను ఆన్‌లైనుగాను బోధింపరాదని యు.జి.సి. ఉత్తరువు చేసినది. ఇంటనే యుండి తపాలాలో ఎం.ఎస్‌సి. ముగింపవచ్చునని చెప్పువారి మాట నమ్మి సొమ్ము కట్టకుడు.

పని దొరకునా యని యడిగిన, ముందటికంటె దారి వెడల్పైనది. 2023లో విశాఖపట్టణమున వైద్యప్రవేశ పరీక్షకు చదువుచుండిన యొక పదునేడేండ్ల బాలిక మరణించినది. ఆ కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు చెప్పుచు, నూరుగురు లేక అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థయు అర్హతగల కౌన్సెలరునో, సైకాలజిస్టునో, సోషల్ వర్కరునో ఒకరినైనను నియమించుకొనవలెనని ఆదేశించినది. మార్కులనుబట్టి పిల్లలను వేరు తరగతులుగా విభజించుట, నలుగురిలో అవమానించుట మానవలెనని గూడ అందు కలదు. తరగతి వెలుపల నిలువబెట్టుట ఏ కోవలోనికి వచ్చునో మాకు ఎవరును చెప్పనక్కరలేదు. మన బడిలో విద్యార్థులు నూటికి మించియే యున్నారు. తెలుగు తెలిసి, తమిళము తెలిసి, ఈ విద్య నెరిగినవారి కొరకు వెదకుచున్నాము, ఇంకను దొరకలేదు.

కాచుకొనలేని యాపద యున్నచో, 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము మొదలుపెట్టిన టెలిమానస్ 14416 అను నంబరునకు ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేయవచ్చును. భాషను ఎన్నుకొను వీలు కలదు, తెలుగును ఉన్నది.

ఆ తల్లి మరల వచ్చినది. ఈసారి కూతురును వెంటబెట్టుకొని వచ్చినది. ఖర్చు తక్కువ కాదు. ఫీజు, హాస్టలు, పుస్తకములు కలిపి రెండేండ్లకు ఎంత యగునో ఆ సంవత్సరపు లెక్క విద్యాలయమువారినే అడిగి వ్రాతమూలముగా తెప్పించుకొనుడని చెప్పితిమి. తూత్తుకుడి–మైసూరు రైలు మన కోవిల్‌పట్టిమీదుగా, విరుదునగరముమీదుగా రాత్రికి రాత్రి బెంగుళూరు చేర్చును గనుక రాకపోకల బాధ లేదు. పెండ్లి ఆలస్య మగునేమో యని తల్లి యనినది. అందుకు మాయొద్ద సమాధానము లేదు, కూతురు నవ్వినది.

దరఖాస్తు పూరించుటకు మా కార్యాలయపు బల్లమీదనే కూర్చుండిరి. మాతృభాష అను గడి వచ్చినపుడు ఆ పిల్ల కలము నిలిపి మావైపు చూచినది. పన్నెండవ తరగతి సర్టిఫికేటు తమిళనాటిది గదా, తమిళమని వ్రాసిన గొడవ యుండదేమో యని సందేహించినది. తల్లి మాకంటె ముందుగా, “తెలుగని రాయి” అనినది.